బావిలో ఎముకలు, ఉప్పల్ రోడ్డులో జవాబు: చరిత్ర తవ్వకాల్లో సామాన్యుల పని ఏమిటి?

నాచారం నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వెళ్లే దారిలో సీసీఎంబీ ఉంటుంది. ఆ గోడ పక్క నుంచి రోజూ బస్సుల్లో, ఆటోల్లో వెళ్లేవాళ్లకు అది ఏదో పెద్ద సైన్సు ఆఫీసు అని మాత్రమే తెలుసు. 2022 ఏప్రిల్‌లో ఆ ల్యాబ్ శాస్త్రవేత్తలు, మరికొన్ని సంస్థల వారు కలిసి ఓ పరిశోధన ప్రచురించారు. ఎక్కడో పంజాబ్‌లో, పాకిస్తాన్ సరిహద్దుకు దగ్గర్లోని అజ్నాలా అనే ఊళ్లో, ఒక పాత బావిలో దొరికిన మనుషుల ఎముకలు ఎవరివి అన్న ప్రశ్నకు అందులో జవాబు చెప్పారు.

ఆ బావిని తవ్వింది పురావస్తు శాఖ కాదు. ఊరి జనం. ఒక స్థానిక చరిత్రకారుడు పాత పుస్తకం చదివి చోటు గుర్తిస్తే, గురుద్వారా కమిటీ ముందుకొస్తే, పలుగూ పారా పట్టుకుని వాలంటీర్లు దిగారు. 2014 ఫిబ్రవరి 28న మొదలుపెట్టి మూడు రోజుల్లో పని ముగించారు. వాళ్లు దిగకపోతే ఆ ఎముకలు నేటికీ మట్టి కిందే ఉండేవి. అయితే వాళ్లు దిగిన తీరు వల్లే వాటిలో చాలా ఎముకలు పాడయ్యాయి కూడా. ఈ రెండు మాటలూ నిజమే. చరిత్ర తవ్వకాల్లో సామాన్య జనం పాత్ర గురించి మాట్లాడాలంటే ఈ రెండింటినీ కలిపే చూడాలి.

అసలు అజ్నాలాలో జరిగిందేమిటి? 1857 తిరుగుబాటు రోజుల్లో లాహోర్ దగ్గర మియాన్ మీర్ కంటోన్మెంట్‌లో 26వ నేటివ్ ఇన్‌ఫాంట్రీ అనే దళం ఉండేది. అందులోని సిపాయిల దగ్గర ఆయుధాలు ముందే లాక్కున్నారు. జూలై చివర్లో వాళ్లు తిరగబడి, రావి నది వైపు పారిపోయి, పట్టుబడ్డారు. అమృత్‌సర్ డిప్యూటీ కమిషనర్ ఫ్రెడరిక్ కూపర్ 282 మందిని అజ్నాలాకు తెచ్చాడు. ఆగస్టు 1న 237 మందిని పది పది మంది చొప్పున నిలబెట్టి కాల్పించాడు. మిగతా 45 మంది గాలి ఆడని గదిలో ఊపిరాడక అప్పటికే చనిపోయారు. అందరినీ ఆ పక్కనే ఉన్న బావిలో పడేశారు. ఆ రోజు బక్రీద్. తన దళంలోని ముస్లిం రౌతులు ఎదురు తిరుగుతారేమోనని వాళ్లకు పండగ సెలవిచ్చి ముందే అమృత్‌సర్ పంపేశానని కూపరే 1858లో అచ్చువేసిన పుస్తకంలో గొప్పగా రాసుకున్నాడు. ఆ పుస్తకమే నూట యాభై ఏళ్ల తర్వాత బావి ఎక్కడుందో చెప్పే ఆధారమైంది.

కానీ పుస్తకంలో ఉన్నంత మాత్రాన బావిలోని ఎముకలు వాళ్లవే అని రుజువవుతుందా? 1947 విభజన అల్లర్లలో చనిపోయిన వాళ్లవి కావచ్చని ఒక వాదన ఉండేది. దాన్ని తేల్చడానికి పంజాబ్ యూనివర్సిటీ, సీసీఎంబీ, బనారస్ హిందూ యూనివర్సిటీ, లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ కలిసి పనిచేశాయి. 50 నమూనాలపై డీఎన్ఏ పరీక్ష, 85 నమూనాలపై ఐసోటోపుల పరీక్ష జరిగింది. వీటికి ముఖ్యంగా పనికొచ్చినవి దంతాలు. పంటి పైపొర చిన్నతనంలోనే గట్టిపడుతుంది. ఆ వయసులో మనిషి ఏ ప్రాంతపు నీళ్లు తాగాడో, ఏం తిన్నాడో దాని గుర్తు ఆ పొరలో జీవితాంతం ఉండిపోతుంది. ఫలితం ఏమొచ్చిందంటే, చనిపోయినవాళ్లు పంజాబ్ వాళ్లు కారు, ఇప్పటి పాకిస్తాన్ ప్రాంతం వాళ్లూ కారు. గంగా మైదానంలో పుట్టి పెరిగినవాళ్లు. 26వ దళంలోని సిపాయిలు ఎక్కువగా అవధ్, బిహార్, బెంగాల్ వైపు నుంచి వచ్చినవాళ్లని రికార్డులు చెప్పేదానికి ఇది సరిపోయింది.

ఇక పాడైన సంగతి. మూడు రోజుల్లో తీసిన ఎముకలు విరిగి, కలిసిపోయి వచ్చాయి. ఏ పుర్రె ఏ మొండానిది, ఎవరు పైన పడ్డారు, ఎవరు కింద ఉన్నారు, ఎవరి ఒంటి మీద ఏ నాణెం ఉంది అనే లెక్క ఇప్పుడెవరూ చెప్పలేరు. ఒక్కో మనిషినీ విడివిడిగా గుర్తించే అవకాశం ఉండి ఉంటే, అది ఆ మూడు రోజుల్లోనే పోయింది. జనం చేసింది చెడు ఉద్దేశంతో కాదు. చనిపోయినవాళ్లకు గౌరవంగా అంతిమ సంస్కారం జరగాలన్న ఆత్రంతో చేశారు. ఆ ఆత్రమే నష్టం చేసింది.

ఇలాంటిదే ఇంకో కేసు కూడా ఇదే ఉప్పల్ రోడ్డు ల్యాబ్‌కు వచ్చింది. హిమాలయాల్లోని రూప్‌కుండ్ సరస్సు ఒడ్డున వందల మంది ఎముకలు చెల్లాచెదురుగా ఉంటాయి. ఏళ్ల తరబడి ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లు వాటిని కదిపారు, కుప్పలు పోశారు, కొందరు గుర్తుగా ఇంటికీ పట్టుకెళ్లారు. అయినా మిగిలినవాటిలో 38 మంది డీఎన్ఏను పరీక్షించి 2019లో ప్రచురించారు. 23 మంది మన ఉపఖండం వాళ్లు. 14 మంది మధ్యధరా సముద్రపు తూర్పు తీరం వాళ్లు, ఒకరు ఆగ్నేయాసియా మనిషి. అందరూ ఒకే తుపానులో పోయారని అంతకు ముందు అనుకునేవారు. మనవాళ్లు సుమారు పన్నెండు వందల ఏళ్ల కిందట, మధ్యధరా వాళ్లు సుమారు రెండు వందల ఏళ్ల కిందట చనిపోయారని తేలింది. ఆ 14 మంది అంత దూరం నుంచి ఎందుకొచ్చారో చెప్పే వస్తువు ఏదైనా ఒడ్డున ఉండి ఉంటే, అది ఎవరి ట్రెక్కింగ్ బ్యాగులో వెళ్లిపోయిందో మరి.

వస్తువు కన్నా చోటు ముఖ్యం

పురావస్తు తవ్వకం అంటే చాలామందికి కళ్ల ముందు మెదిలేది బంగారు నాణేల బిందె. అక్కడ పనిచేసేవాళ్లను అడిగితే వేరే మాట చెబుతారు. మట్టి పొరలు పొరలుగా ఉంటుంది. కింది పొర పాతది, పై పొర కొత్తది. ఒక ఇల్లు కూలితే ఒక పొర, వరద వస్తే ఒక పొర, నిప్పంటుకుంటే బూడిద పొర. ఏ వస్తువు ఏ పొరలో, దేని పక్కన దొరికిందో రాసుకుంటేనే దానికి వయసు, అర్థం. అదే వస్తువును తీసి జేబులో వేసుకున్నాక అది అందమైన పెంకు ముక్క మాత్రమే. కేసు ఫైలులోంచి చింపిన కాగితం లాంటిది.

అందుకే అక్కడ పని నెమ్మదిగా సాగుతుంది. ముందు నేలంతా తాళ్లు కట్టి చదరాలుగా గీస్తారు. ఒక్కో చదరానికి ఒక నంబరు. రెండు చదరాల మధ్య కొంత మట్టిని తవ్వకుండా గోడలా వదిలేస్తారు, పొరలు కనబడాలని. ఈ పద్ధతిని మన దేశంలో గట్టిగా నాటింది మార్టిమర్ వీలర్. 1944 నుంచి 1948 దాకా పురావస్తు సర్వే అధిపతిగా ఉన్న ఆయన తక్షశిలలో కుర్రాళ్లకు శిక్షణ శిబిరం పెట్టారు. పై మట్టికి పలుగు, పార. ఏదైనా తగిలిందంటే తాపీ, బ్రష్. ఎముక అయితే వెదురు పుల్ల. తీసిన మట్టిని తట్టల్లో మోసి జల్లెడ పడతారు. పూసలు, చేపముళ్లు, కాలిన గింజలు ఆ జల్లెడలోనే దొరుకుతాయి.

కొత్తగా వచ్చిన వాలంటీర్‌కు మొదటి రోజే తాపీ ఇవ్వరు. మట్టి మోయిస్తారు, జల్లెడ దగ్గర కూర్చోబెడతారు, కుండ పెంకులు కడిగిస్తారు. కడిగిన పెంకుల్ని నీడలో ఆరబెట్టి, ఒక్కోదానిమీద సన్నని అక్షరాలతో చదరం నంబరు, పొర నంబరు రాయాలి. రోజుకు కొన్ని వందల పెంకులు. నడుం పట్టేస్తుంది, విసుగొస్తుంది. అయినా ఒక కాలం ఏదో, ఒక కాలం నుంచి ఇంకో కాలానికి ఊరు ఎలా మారిందో ఎక్కువగా చెప్పేది ఈ పెంకులే. రాజుల పేర్లు రాళ్ల మీద ఉంటాయి, మామూలు జనం వండుకున్నది తిన్నది పెంకుల్లో ఉంటుంది.

కొన్నిటిని అసలు తాకకూడదు. బొగ్గు ముక్క కనబడితే చేత్తో తీయకూడదు. చేతి చెమట, నూనె అంటితే కార్బన్ పరీక్షలో తేడా వస్తుంది. కొన్ని మట్టి నమూనాలకు వెలుతురు తగలకుండా గొట్టంలో మూసి తీయాలి, మట్టి చివరిసారి ఎండ చూసిందెప్పుడో లెక్క కట్టేది దానితోనే. డీఎన్ఏ పరీక్షకు పోయే ఎముకను గ్లవ్స్, మాస్కు లేకుండా ముట్టుకుంటే ముట్టుకున్నవాళ్ల డీఎన్ఏ దానికి అంటుకుంటుంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన దేశంలో తవ్వకాల్లో అసలు చెయ్యి పెట్టేది ఆ చుట్టుపక్కల ఊళ్ల కూలీలు. పార తగిలినప్పుడు చప్పుడు మారితే కింద రాయో ఇటుకో చెప్పగలిగేది వాళ్లే. రిపోర్టుల్లో మాత్రం వాళ్ల పేర్లు దాదాపు ఉండవు.

బడిపంతులు, పోస్టాఫీసు, రైల్వే డాక్టర్

కొండల మధ్య కృష్ణా లోయలో ఉన్న నాగార్జునకొండ ఇవాళ ప్రపంచానికి తెలుసు. ఆ లోయలో పాత స్తంభాన్ని చూసి ఇదేదో పెద్ద సంగతే అని ప్రభుత్వానికి కబురు పంపింది సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక బడిపంతులు. ఆయన చెప్పాక 1926లో మద్రాసు శాసనాల విభాగం నుంచి సరస్వతి అనే తెలుగు అసిస్టెంట్ వచ్చి చూశారు. 1927 నుంచి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు మొదలయ్యాయి. సాగర్ డ్యామ్ కడతారని తేలాక, లోయ మునిగేలోపు చేయగలిగినంత చేద్దామని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పెద్ద ఎత్తున తవ్వారు. ఇక్ష్వాకుల రాజధాని, బౌద్ధ విహారాలు, మెట్లు కట్టిన బహిరంగ సభా ప్రాంగణం బయటపడ్డాయి. కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి కొండమీదకు చేర్చారు. నదికి ఇవతల, నల్లగొండ వైపున ఏలేశ్వరంలో రాష్ట్ర పురావస్తు శాఖ తరఫున తవ్వించి రిపోర్టు రాసింది మహ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్. ఆ చోటు కూడా నీళ్ల కిందకు పోయింది. ఆ పంతులు గారు ‘మనకెందుకులే’ అనుకుని ఉంటే డ్యామ్ నీళ్లొచ్చే నాటికి అక్కడేముందో ఎవరికీ తెలిసేది కాదు.

గోదావరి ఒడ్డున కోటిలింగాల కథ కూడా ఇలాంటిదే. వానలు పడ్డాక నది కోతకు గురైన ఒడ్డున చిన్న చిన్న నాణేలు పైకి తేలేవి. పోస్టాఫీసులో పనిచేసిన సంగనభట్ల నరహరి వాటిని ఏరి దాచి, కరిగించి అమ్మేవాళ్ల చేతిలో పడకుండా నిపుణులకు చేర్చారు. శాసనాల పండితుడు పరబ్రహ్మ శాస్త్రి వాటిపై పేర్లు చదివారు. శాతవాహనుల మొదటి రాజు చిముకుడి నాణేలతోపాటు, శాతవాహనులకంటే ముందున్న గోబద, నారన లాంటి స్థానిక రాజుల నాణేలూ అందులో ఉన్నాయి. తర్వాతే రాష్ట్ర పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు చేపట్టింది.

మరి నాచారం చుట్టుపక్కల? రైలు పట్టాలు దాటితే కనబడే మౌలాలి గుట్ట గురించి అందరికీ తెలిసింది పైనున్న దర్గా, రజబ్ నెలలో జరిగే ఉర్సు. గుట్ట పాదంలో మహ్‌లఖా బాయి చందా సమాధి ఉంది. తల్లి కోసం ఆమె కట్టించిన తోటలోనే 1824లో ఆమెనూ ఖననం చేశారు. పాడుబడిన ఆ ఆవరణను 2010, 2011 ప్రాంతంలో బాగు చేశారు. దానికంటే చాలా వెనక్కి వెళితే, ఇదే మౌలాలి చుట్టూ పెద్ద బండరాళ్లను వలయంగా పేర్చిన సమాధులు ఉండేవి. ఊళ్లలో రాక్షసగుళ్లు అంటారే, అవి. ఇనుము వాడకం తెలిసిన కాలపు జనం చనిపోయినవాళ్లను కుండలు, ఇనుప పనిముట్లతో కలిపి రాతి పెట్టెల్లో పెట్టి, చుట్టూ రాళ్లు పేర్చేవారు.

వాటిమీద మొదట్లో పనిచేసినవాళ్లలో ఉద్యోగరీత్యా పురావస్తు నిపుణులు కానివాళ్లే ఎక్కువ. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టి గులాం యజ్దానీని డైరెక్టర్‌గా నియమించింది. 1916లో హైదరాబాద్ పురావస్తు సంఘం ఏర్పడింది. ఉద్యోగులు, ఇంజనీర్లు, డాక్టర్లు కలిసి సెలవు రోజుల్లో గుట్టలు తిరిగి, చూసింది రాసి, సంఘం పత్రికలో అచ్చువేసేవారు. నిజాం రైల్వేలో డాక్టర్‌గా ఉన్న ఇ.హెచ్. హంట్ హైదరాబాద్ రాజ్యంలోని రాతివలయాల సమాధులు తవ్వి 1924లో లండన్ పత్రికలో వ్యాసం రాశారు. మస్కీలో అశోకుడి పేరు నేరుగా చెప్పే శాసనాన్ని 1915లో గుర్తించింది బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు. యజ్దానీ ఇలాంటివాళ్లను దూరం పెట్టలేదు, వాళ్ల పనికి ఒక పద్ధతి నేర్పారు. ఢిల్లీలో పుట్టి హైదరాబాద్‌ను సొంతం చేసుకున్న ఆ మనిషి అజంతా బొమ్మల మీద నాలుగు సంపుటాలు, బీదర్ కట్టడాల మీద పెద్ద గ్రంథం రాశారు. అరబీ, ఫారసీ శాసనాల పత్రికను ఏళ్ల తరబడి నడిపారు. 1959లో పద్మభూషణ్ వచ్చింది. మన పిల్లల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసు అని అడిగితే జవాబు ఇబ్బందిగానే ఉంటుంది.

ఆ సమాధులున్న నేలల్లో చాలా చోట్ల ఇప్పుడు కాలనీలు, క్వారీ గుంతలు, గోడౌన్లు. సిటీ అవతలి వైపు బోయిన్‌పల్లి దగ్గర హస్మత్‌పేటలో కొన్ని వలయాలు రక్షిత ప్రదేశంగా మిగిలాయి. గచ్చిబౌలిలో హైదరాబాద్ యూనివర్సిటీ క్యాంపస్‌లో అలాంటి సమాధినే ప్రొఫెసర్ కె.పి. రావు బృందం తవ్వింది.

పలుగు పట్టుకుంటే కేసే

ఇప్పుడు ఎవరికైనా ఉత్సాహం వచ్చి నలుగురు స్నేహితులతో వెళ్లి తవ్వొచ్చా? వీల్లేదు. రక్షిత స్థలంలో ఎవరు తవ్వాలన్నా పురావస్తు సర్వే లైసెన్సు కావాలి, అది అర్హత ఉన్న సంస్థలకే ఇస్తారు. కేంద్రం రక్షించే కట్టడాన్ని పాడు చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అలాంటి కట్టడం చుట్టూ వంద మీటర్ల లోపు తవ్వకమైనా నిర్మాణమైనా నిషేధం. ఆ తర్వాత ఇంకో రెండు వందల మీటర్లలో అనుమతి తప్పనిసరి. రాష్ట్రంలో 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం కూడా ఉంది.

సొంత జాగాలో పునాది తీస్తుంటే ఏదైనా దొరికితే? దానికి 1878 నాటి గుప్తనిధుల చట్టం వర్తిస్తుంది. పది రూపాయలకు మించి విలువున్నది ఏది దొరికినా కలెక్టర్‌కు తెలియజేయాలి. ఉప్పల్, నాచారం మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోకి వస్తాయి కాబట్టి ఆ కలెక్టర్‌కు. చెబితే ప్రభుత్వం లాక్కుంటుందని, చేతికేమీ రాదని జనం భయపడతారు. చట్టంలో ఉన్నది అది కాదు. పాత హక్కుదారు ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాళ్లకు నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. ప్రభుత్వానికి ఆ వస్తువు కావాలంటే లోహం విలువపై అయిదో వంతు కలిపి చెల్లించి తీసుకోవాలి. దాచిపెట్టి దొరికిపోతే మాత్రం ఆ వాటా పోతుంది, పైగా ఏడాది దాకా జైలు.

రాత్రిపూట గుప్తనిధుల కోసం తవ్వే ముఠాల వార్తలు ప్రతి జిల్లాలోనూ వస్తుంటాయి. పాత గుళ్లు, పాడుబడ్డ దర్గాలు, కోట గోడలు, సమాధులు, దేన్నీ వదలరు. వాళ్లకు ఎక్కువసార్లు దొరికేది ఏమీ ఉండదు. మిగిలేది పగిలిన రాయి, కలిసిపోయిన పొరలు. సరిగ్గా తవ్వితే ఏం దొరుకుతుందో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో కనబడింది. ఒక కుండలో 3,730 సీసపు నాణేలు, ఇక్ష్వాకుల కాలానివి. ఏ పొరలో, ఏ గోడ పక్కన ఆ కుండ ఉందో లెక్క ఉంది కనుక అది చరిత్ర అయింది. అదే కుండ నిధుల ముఠాకు దొరికి ఉంటే పాత సామాన్ల కొట్లో సీసం ధరకు పోయేది.

ఖబ్రస్తాన్ విషయంలో పెద్దవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: సమాధుల్ని కదపడం సబబేనా? న్యాయమైన ప్రశ్న. వాడుకలో ఉన్న ఖబ్రస్తాన్లను పురావస్తువాళ్లు తవ్వరు. అక్కడ జరిగేది పైపైన నమోదు మాత్రమే, రాళ్లను కదపడం కూడా ఉండదు.

బ్రిటన్‌లో పరిస్థితి వేరు. రోమన్ల కాలపు విండోలాండా కోట దగ్గర ప్రతి సీజన్‌లో మామూలు జనం రుసుము కట్టి, నిపుణుల పర్యవేక్షణలో వారాల తరబడి తవ్వుతారు. అక్కడ స్థిరపడ్డ మన పిల్లలకూ ఆ అవకాశం ఉంది. ఇక్కడ తవ్వకాలు జరిగేచోట ప్రజలకు ఒక్క రోజైనా గేటు తెరిచి చూపించే అలవాటే తక్కువ. శాఖలు ఈ విషయంలో కొంచెం మారితే బాగుండు. ప్రస్తుతానికి చేయి కలపాలంటే దారి యూనివర్సిటీలే. తార్నాక పక్కనే ఉస్మానియాలో ప్రాచీన చరిత్ర, పురావస్తు శాస్త్ర విభాగం ఉంది. డిగ్రీ తర్వాత ఏం చదవాలా అనుకునే పిల్లలు దాన్ని పట్టించుకోరు.

బావులు, కత్బాలు, పాత సందూకాలు

తవ్వకానికి దగ్గరగా సామాన్యులు నిజంగా చేయగలిగిన పని పాత మెట్ల బావుల శుభ్రత. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలో చెత్తతో నిండిపోయిన బావిని రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ సంస్థ, ప్రభుత్వ విభాగాలు కలిసి బాగుచేశాయి. వందల టన్నుల చెత్త తీశాక కింద మెట్లు, కమాన్లు బయటపడ్డాయి, నీళ్లూ ఊరాయి. 2022 డిసెంబర్‌లో తెరిచారు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర బడీ బావ్లీ గోడ 2013 వానలకు కూలితే ఆగాఖాన్ ట్రస్ట్ దాన్ని తిరిగి నిలబెట్టింది, 2022లో గోల్కొండ బావులకు యునెస్కో అవార్డు వచ్చింది. బావి శుభ్రం చేసేటప్పుడూ అదే సూత్రం. జేసీబీ దిగితే మెట్లూ పోతాయి, అందులో పడ్డ పాత సామానూ పోతుంది.

ఉర్దూ తెలిసిన కుటుంబాలకు మాత్రం ఇంకెవరూ చేయలేని పని ఒకటుంది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ కాగితాలే లక్షన్నర దాకా ఉన్నాయి. ఆపైన ఆసఫ్‌జాహీల దఫ్తర్లు. చాలావరకు ఫారసీ, ఉర్దూ, అదీ గొలుసుకట్టు శికస్తా రాతలో. వాటిని చదవగలిగినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. ఇంట్లో ఫారసీ చదివిన తాత ఉంటే, ఆయన దగ్గర ఒక మనవరాలు ఆ రాత నేర్చుకుంటే, అది తవ్వకానికి తక్కువేమీ కాదు.

ఇళ్లలోనూ చాలా ఉన్నాయి. పాత సందూకాల్లో ఇనాం సనదులు, ముంతఖబ్‌లు, నికాహ్‌నామాలు, చేతిరాత కితాబులు. భూమి కేసు అయిపోయాక వాటిని పాత పేపర్లతో కలిపి అమ్మేసినవాళ్లున్నారు. మడతలు విప్పి చదునుగా ఉంచాలి. లామినేషన్ చేయించకూడదు, సెల్లోటేప్ వేయకూడదు. స్టీలు పిన్నులు తుప్పు పడతాయి, తీసేయాలి. ప్లాస్టిక్ కవర్ బదులు కాటన్ గుడ్డలో చుట్టాలి. వెనుకా ముందూ ఫోటో తీసి, ఎవరి కాగితమో, ఎవరి ద్వారా వచ్చిందో ఒక చీటీ మీద రాసి పెట్టాలి. డెబ్బై అయిదేళ్లు దాటిన, విలువైన చేతిరాత ప్రతులు 1972 చట్టం ప్రకారం పురావస్తువుల కిందకు వస్తాయి. వాటిని విదేశాలకు అమ్మడం, పంపడం నేరం.

ఖబ్రస్తాన్లలో కత్బాలు ఎండకు, వానకు, సున్నం పూతలకు అరిగిపోతున్నాయి. అక్షరాలు కనబడాలని కొందరు సుద్ద పూస్తారు, నూనె రాస్తారు, యాసిడ్‌తో కడుగుతారు. ఈ మూడూ రాయిని తినేస్తాయి. ఉదయం ఎండ ఏటవాలుగా పడే వేళ వెళ్తే అరిగిన అక్షరం కూడా నీడతో లేచి కనబడుతుంది. సాయంత్రమైతే ఒకరు మొబైల్ టార్చ్‌ను రాయి పక్క నుంచి పట్టుకోవాలి, ఇంకొకరు ఎదురుగా నిలబడి ఫోటో తీయాలి. కొలత తెలియడానికి పక్కన ఒక స్కేలు పెట్టాలి. రాయి మొత్తం ఒక ఫోటో, రాత దగ్గరగా ఒకటి, చుట్టుపక్కల కనబడేలా ఒకటి. పేరు, హిజ్రీ సంవత్సరం చదవగలిగినంతే రాసుకోవాలి, అనుమానం ఉన్నచోట ఊహించి పూరించకుండా ఖాళీ వదలాలి. అలా రాసిన నోటుబుక్కు, ఫోటోలు ఒక కాపీ ఖబ్రస్తాన్ కమిటీకి ఇచ్చి, రాయి పాతదనిపిస్తే ఇంకో కాపీ నాగపూర్‌లో ఉన్న పురావస్తు సర్వే అరబిక్, పర్షియన్ శాసనాల విభాగానికి పంపొచ్చు.